చివరి ‘ట్’ మింగే విద్య

పెళ్లి భోజనాల దగ్గర ప్లేటు పట్టుకుని వరసలో నిలబడి ఉన్నారు. ముందున్న పెద్దాయన వెనక్కి తిరిగి, ‘ఈ బఫెట్టు తిండి నాకు పడదబ్బా, ఆకేసి కూచోబెడితే గదా తిన్నట్టుండేది’ అన్నాడు. నవ్వి ఊరుకునేవాళ్లు జీవితంలో పైకి రారు. వెంటనే ‘బఫెట్టు కాదు పెదనాయనా, బఫే’ అనాలి. ఆకులో వడ్డన గురించి ఆయన బాధ మీకనవసరం. కాస్త గట్టిగా అంటే సాంబారు దగ్గరున్నవాళ్లకి కూడా వినిపిస్తుంది.

ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకీ, ఇంగ్లీషు నుంచి మా కలిగిరిలోకీ దిగిన మాటలతో పదిమందిలో పేరు తెచ్చుకోవడం ఎలాగో చెప్పడానికే ఈ నాలుగు ముక్కలు.

అన్నిటికన్నా ముందు మాటను ఎంచుకోవడం తెలియాలి. ‘డిపో’ జోలికి మాత్రం పోవద్దు. ఉదయగిరిలో ఆర్టీసీ డిపో ఉంది, ఆత్మకూరులో ఉంది, కట్టెల డిపోలు ఊరూరా ఉన్నాయి. ఇంగ్లీషు రాతలో ఆ మాట చివర ఒక ‘ట్’ ఉందని ఎన్నడూ చూడని డ్రైవర్లు, కూలీలు, సంతకు పోయే ముసలమ్మలు, అందరూ దాన్ని మింగేసే పలుకుతారు. ఆ డిపోలో ఉండే గ్యారేజీ కూడా ఫ్రెంచి మాటే, దాని మీదా పేచీ లేదు. బట్టల కొట్లో వాయిల్ చీర చూపించమనే ఆడవాళ్లూ అంతే. ఇంగ్లీషువాళ్లు ఎలా అంటారో అచ్చం అలాగే అంటారు. చెవితో నేర్చుకున్న మాటలో తప్పు పట్టడం కష్టం. కాబట్టి కంటితో నేర్చుకున్న మాటల మీద పడండి. శుభలేఖలో చదివిన బఫే, ఫంక్షన్ హాలు గేటు దగ్గర చదివిన వాలే పార్కింగు, ఉద్యోగ ప్రకటనలో చదివిన రెజ్యూమే. ఇక్కడ దొరికిపోయేది చదువుకున్నవాడే. నిశానీని పట్టుకునే వీలు ఫ్రెంచి భాష మనకు పెద్దగా ఇవ్వలేదు. ఆ భాషలో నాకు నచ్చని సంగతి అదొక్కటే.

మాట చేతికి చిక్కాక సూత్రం సులువు: చివరి ‘ట్’ మింగెయ్యండి. ఎక్కడ కనబడితే అక్కడ మింగెయ్యండి.

ఎవరో ఒక ఇంగ్లీషు మాస్టారు అడ్డుపడతాడు. ‘ఇప్పుడు మనం నిలబడింది బాంక్వెట్ హాలు గదా, అదీ ఫ్రెంచి మాటే గదా, దాన్నేమంటావబ్బయ్యా?’ అంటాడు. ఆయన అడిగింది నిజమే. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక చాలాకాలం అక్కడ దొరల భాష ఫ్రెంచే. జాకెట్, పాకెట్ లాంటి మాటలు ఆ వరసలో వచ్చినవే. బాంక్వెట్ పదిహేనో శతాబ్దంలో, టికెట్ ఆ తర్వాతి శతాబ్దంలో చేరాయి. బాలే, బొకే, బఫే దిగేది పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల్లో. అప్పటికి పారిస్‌లో ‘ట్’ రాలిపోయింది. ముందొచ్చినవి ఇంటి పిల్లల్లా కలిసిపోయాయి, వెనకొచ్చినవి కొత్త అల్లుళ్లలా మర్యాదలు అడుగుతున్నాయి. ఒకే హాల్లో ఒకదానికి ‘ట్’ ఉండి రెండోదానికి లేకపోవడానికి కారణం ఇదే.

ఈ చరిత్ర మాస్టారు నోట బయటికి రాకముందే మాట మార్చండి. మీరు మాత్రం సూత్రం తప్పకండి. రేపు కావలి బస్సెక్కి ‘ఒక టికే ఇవ్వండి’ అనండి. కండక్టరు ‘ఏంది సామీ?’ అంటాడు. ‘టికే’ అని ఓపిగ్గా మళ్లీ చెప్పండి. ఫ్రెంచివాడు మింగిన ‘ట్’ని ఇంగ్లీషువాడు నిలబెడితే, మనవాళ్లు దానికి ఒత్తు పెట్టి కొమ్ము కూడా తగిలించి ‘టికెట్టు’ చేశారు. ఇంత మేపిన అక్షరాన్ని మింగించడం ఒక్క రోజులో అయ్యే పని కాదు.

నిఘంటువు ఇంట్లో ఉంటే అటక మీద పెట్టండి. వాదం నడిచేటప్పుడు దాన్ని తెరిచారా, చెడ్డారే. వాలే అన్నా ఒప్పే, వ్యాలిట్ అన్నా ఒప్పే అంటుంది. చేప ముక్కను బ్రిటన్‌లో ఫిల్లిట్ అంటారని, అమెరికాలో ఫిలే అంటారని చెప్పి చేతులు దులుపుకుంటుంది. ఇద్దరిదీ ఒప్పని తేలితే ఇక పోట్లాటెక్కడిది? డాలస్ నుంచి వచ్చిన మేనల్లుడు కారు ‘గరాజ్’లో పెట్టానంటే, వాళ్ల నాయన ‘గ్యారేజీ’ అంటే, మీరు ఆ ఇద్దరి మధ్య కూర్చుని ఇద్దరిదీ తప్పనాలి. నిఘంటువు ఇవ్వలేని సాయం ఇది.

కల్నల్ మాట ఎత్తినవాడి దగ్గర మాత్రం జాగ్రత్త. ఫ్రెంచిలో ఒకప్పుడు ‘ర’తో ఒక రూపం, ‘ల’తో ఒక రూపం ఉండేవి. ఇంగ్లీషువాళ్లు ఒకదాని రాత, రెండోదాని పలుకు ఉంచుకున్నారు. అలాంటి మాట మీద తర్కం పనిచెయ్యదు, పైగా అవతలివాడు మిలిటరీలో చేసొచ్చినవాడైతే చెయ్యి కూడా పనిచేస్తుంది.

వాదంలో ఓడిపోతున్నట్టు అనిపిస్తే ‘మా పిన్నమ్మ వాళ్లది యానాం’ అనండి. 1954 దాకా అది ఫ్రెంచివాళ్ల చేతిలో ఉంది. పిన్నమ్మ ఆ తర్వాత పుట్టినా ఫర్వాలేదు, పిన్నమ్మే లేకపోయినా ఫర్వాలేదు. కలిగిరి నుంచి అంత దూరం పోయి విచారించి వచ్చే ఓపిక ఎవరికుంది?

చరిత్రనీ వదలొద్దు. తిరునాళ్లలో బుర్రకథ రసపట్టులో ఉంది, 1757, బొబ్బిలి కోట చుట్టూ ఫ్రెంచి దొర బుస్సీ ఫిరంగులు. అప్పుడు లేచి ‘బుస్సీ కాదండీ, బ్యూసీ’ అని అందించండి. కథకుడు తందాన ఆపి మీ వైపు చూస్తాడు. ఊరంతా చూస్తుంది. అంతకన్నా ఏం కావాలి? హైదరాబాదులో చదువుకునే పిలకాయలు దిల్‌సుఖ్‌నగర్ పోతూ మూసారాంబాగ్ మెట్రో స్టేషను దాటుతుంటారు. నిజాం కొలువులో ఉండి 1798లో పోయిన ఫ్రెంచి సేనాని మొస్యూ రేమోఁ పేరే జనం నోట్లో నలిగి మూసారాం అయిందని చెబుతారు. ఒక దొరని రాముణ్ణి చేసుకున్న జనానికి ఉచ్చారణ నేర్పేదెవరని మీకు సందేహం రావచ్చు. రానివ్వకండి. రైల్లో మైకు చెప్పేది ప్రతిసారీ సరిదిద్దమని పిలకాయలకు ఫోన్ చేసి చెప్పండి.

చివరగా సెంటు సీసాలు. ఖరీదైన సీసా మీద ‘వెటివేర్’ అని ఉంటుంది. ఇంగ్లీషులోకి అది ఫ్రెంచి నుంచే వచ్చింది, కాబట్టి మన పరిధిలోదే. ఫ్రెంచివాళ్లు మాత్రం దాన్ని తమిళం నుంచి పట్టుకుపోయారు. మన నెల్లూరు ఎండలకు తడిపి కిటికీకి కట్టే తడికెల్లో ఉండేది అదే వేరు. మీ అవ్వ ఆ సీసా వాసన చూసి ‘ఇది వట్టివేరు గదరా’ అంటుంది. అస్సలు ఒప్పుకోవద్దు. ‘వెటివేర్ అనాలవ్వా’ అని రెండుసార్లు పలికించండి. అప్పటికీ వినకపోతే సీసా మీద ధర చూపించండి.