నేను తిరిగిందే నా జిల్లా

నేను టమాటా క్రేటును. పెద్దపంజాణి మండలంలో ఒక తోట గట్టున నన్ను నింపుతారు. కాయ ఎటు పోవాలన్నది రాత్రికి ఫోన్లలో తేలుతుంది. మదనపల్లె ధర బాగుంటే అటు, లేదంటే పలమనేరు, వి.కోట. కోలారుకైతే నా తమ్ముళ్లు పోతారు. అక్కడి పెట్టె 15 కిలోలే, మదనపల్లెలో నాబోటిది పాతిక దాటుతుంది. ఇది తెలియక రెండు సంతల ధరలు పక్కపక్కన పెట్టి వాదించుకునేవాళ్లను చూస్తే నవ్వొస్తుంది.

మాది మెట్ట సీమ, సముద్రానికి 2 వేల అడుగుల పైన. తిరుపతి ఎండకు ఉడికిపోతున్నా ఇక్కడ రాత్రి చల్లబడుతుంది, టమాటాకు ఆ చల్లదనమే బలం. కరువంతా నీళ్లకే. కుప్పం బ్రాంచి కాలువ మా మండలంలోని అప్పినపల్లె దగ్గరే మొదలై 120 కిలోమీటర్లకు పైగా పోతుంది. 2025 ఆగస్టులో దాని మీదుగా కృష్ణా నీళ్లు కుప్పం చేరాయి. ఇక పలమనేరు పక్క కౌండిన్య అడవి. 1980ల్లో దక్షిణం నుంచి ఏనుగులొచ్చి అక్కడే ఉండిపోయాయి, 1990లో దాన్ని అభయారణ్యం చేశారు. తోటలో పడ్డాయంటే తినేది తక్కువ, తొక్కేది ఎక్కువ.

జనం లెక్కకొస్తే, 2011లో చిత్తూరు జిల్లాలో 41,74,064 మంది. పదిమందిలో ఏడుగురు పల్లెల్లోనే. ఆ జిల్లా ఇప్పుడు అలా లేదు. 1911లో కడప నుంచి మదనపల్లెను, ఉత్తర ఆర్కాటు నుంచి పలమనేరును తెచ్చి దాన్ని కుట్టారు. 2022 ఏప్రిల్ 4న విప్పేసి, మదనపల్లెను అన్నమయ్య జిల్లాకిచ్చారు. నేను పోయే సంతకు జిల్లా మారింది, నా లారీ దారి మారలేదు.

మన జిల్లా గీత జనం పోయే దారిని చూడదు. అమెరికా వాళ్లు మహానగర ప్రాంతాన్ని ఆ దారిని చూసే గీస్తారు. నడుమ 50 వేల జనాభాకు తగ్గని పట్టణం ఉండాలి. చుట్టుపక్కల కౌంటీలో, అంటే అక్కడి జిల్లాలాంటి దానిలో, ఉండే పనిచేసేవాళ్లలో కనీసం నాలుగో వంతు పనికి అటే పోతుంటే, ఆ కౌంటీనీ అందులో కలుపుతారు. ఆ కొలత తెచ్చి మా సీమ మీద పెడితే పటం తారుమారవుతుంది. కుప్పంలో పొద్దున్నే రైలెక్కి బెంగళూరు పోయి రాత్రికి ఇల్లు చేరేవాళ్లను ఏ జిల్లాలో వేస్తారు? మా మండలానికి రైలు లేదు గానీ, పోయే దిక్కు అదే.

2021లో జరగాల్సిన జనగణన ఆ ఏడు జరగలేదు. ఇకమీదట లెక్క రాసేవాళ్లు మీ గడప తొక్కినప్పుడు, ఎక్కడుంటారో చెప్పి ఊరుకోకండి. పనికి ఎక్కడికి పోతారో, ఎంత దూరం పోతారో కూడా రాయించండి.