పాత్రాపాత్ర విచారము

రోగికి శుశ్రూష చేయవలెనను సత్సంకల్పము మనస్సున అంకురించిన యువతీయువకులకు అమెరికా దేశమున తొలుత లభించు దర్శనము ధన్వంతరిది కాదు, నైటింగేలుది కాదు. కొలతగీతలు గల ఒక ప్లాస్టిక్ పాత్రది. నర్సింగు కళాశాలలో సీటు వచ్చినదని ఇంటిల్లిపాదియు మిఠాయి పంచుకొన్న కొలది దినములకే ఆ పిల్ల పేర ఒక ఉత్తరము వచ్చును. అందు అభినందనము ఒక వాక్యము, తక్కినదంతయు ఆజ్ఞాపత్రము: గడచిన యేండ్లలో నీవు కాపురమున్న ప్రతి కౌంటీలోను నీపై నేరమేమైన నమోదైనదేమో విచారింప అనుమతి నిమ్ము, నీ వ్రేలిముద్రల నిమ్ము, మత్తుపదార్థముల పరీక్షకై నీ మూత్రము నిమ్ము, వీని కన్నింటికి అగు రుసుమును నీవే చెల్లింపుము. చదువు చెప్పువారు గురుదక్షిణను ముందుగనే పుచ్చుకొనుట మన కాలమున వింత కాదు గాని, దానిని ఈ రూపమున పుచ్చుకొనుట మాత్రము కొంత నూతనము.

సేకరణ కేంద్రమున జరుగు తంతు చూడదగినది. కోటును, చేతిసంచిని బయటి బీరువాలో పెట్టించి, జేబులు తిరగవేయించి, చేతులు కడిగించి పిల్లను లోనికి పంపుదురు. లోపల కుళాయి విప్పిన నీరు రాదు. మరుగుదొడ్డిలోని నీరు మాత్రము నీలమేఘశ్యామముగ నుండును, ఏలయన ఆ నీటిని పాత్రలోనికి తోడి లేబొరేటరీని వంచింతురేమో యని అందు రంగు కలిపియుంతురు. పాత్ర బయటికి వచ్చిన నాలుగు నిముషములలో, దాని ప్రక్కన అంటించిన పట్టీపై వేడిమి 90 నుండి 100 డిగ్రీల ఫారెన్‌హీటు నడుమ కనబడవలెను. లేనిచో ఆ ద్రవము ఆ దేహమునుండి వెలువడినదేనా యని శంక. పాపము, పాత్ర నిండదేమో యను భయమున ముందుగనే సీసాలకొలది నీరు త్రాగి వచ్చిన పిల్లకు మరియొక గండము కలదు. సాంద్రత పడిపోయి, క్రియాటినిన్ డెసిలీటరునకు 20 మిల్లీగ్రాములకంటె తగ్గినచో, 'పలుచన' యని ముద్రవేసి మరల రమ్మందురు, చాలచోట్ల మరల రుసుము కట్టుమందురు. నీరు సమృద్ధిగ త్రాగవలెనని తొలి సెమిస్టరులో బోధించెడి కళాశాలయే ఇదియును.

ఈ పరీక్షయు, పూర్వచరిత్ర పరిశీలనయు యెవరి యాజ్ఞ యని విచారింపబోయినవానికి కలుగు జ్ఞానము వేదాంతమునకు సమీపించును. కళాశాలవారి నడిగిన, పిల్లలపై మాకెట్టి శంకయు లేదు, ఆసుపత్రివారు ఒడంబడికలో వ్రాయించిరి, పరీక్షకాగితము లేనివారిని వార్డులోనికి రానీయరు అందురు. ఆసుపత్రివారి నడిగిన, మాకు గుర్తింపు నిచ్చు జాయింట్ కమిషన్ వచ్చి ఫైళ్లు తిరగవేయును, మేమేమి చేయుదుము అందురు. ఆ కమిషన్ నిబంధనను తెరచి చూచిన, ఉద్యోగుల యొక్కయు విద్యార్థుల యొక్కయు పూర్వచరిత్రను పరిశీలింపవలెనని చట్టమో, మీ ఆసుపత్రి విధానమో కోరినచో ఆ ప్రకారము కానిండని మాత్రమే యుండును. కర్త యెవరో తేలకయే క్రియ నడచుచున్నది. కర్మ మాత్రము విద్యార్థిది.

మనవారి పేళ్ల దగ్గరకు వచ్చునప్పటికి ఈ పూర్వచరిత్ర పరిశీలన మంచి వినోదమగును. ఇంటిపేరు గడిని ఖాళీగ విడిచి పేరంతయు ఒక్క గడిలో వ్రాయించుకొన్న తెలుగువాని పాస్‌పోర్టుపై అమెరికా వీసా పడునప్పుడు, పేరుండవలసిన చోట 'ఎఫ్‌ఎన్‌యూ' యని పడును. అనగా ఈతని పేరు తెలియదని భావము. పేరే తెలియనివాడు ఫలానా కౌంటీలో ఏ నేరమును చేయలేదని ఆ పిమ్మట ఒక సంస్థ ధ్రువపత్రము నిచ్చును! ఇంటిపేరు ముందుకొకసారి, వెనుకకొకసారి పోయిన పిల్లను ఇద్దరుగనో ముగ్గురుగనో లెక్కించి వేరువేరుగ వెదకుదురు. ఎవరి నేరమో ఎవరి పేరనో అంటుకొన్నచో దిద్దించుకొను హక్కును 1970 నాటి సమాఖ్య చట్టము ఇచ్చినది. విచారణకు ముప్పది దినముల గడువును ఇచ్చినది. క్లినికల్స్ అనబడు ఆసుపత్రి శిక్షణ మాత్రము వచ్చే సోమవారమే మొదలగును.

ఈ జాగ్రత్తయంతయు నిష్కారణమని నే ననను. స్పృహలేక పడియున్న రోగి తన చేతికి సూది గ్రుచ్చువా రెవరో తెలిసికొనలేడు గనుక, వానికి బదులు మరియొకరు తెలిసికొనవలసినదే. మైకేల్ స్వాంగో యను వైద్యుడు 1985లో ఇల్లినాయి రాష్ట్రమున, తనతోపాటు అంబులెన్సుపై పనిచేయువారికి విషము పెట్టిన నేరమునకు శిక్షపడి, చెఱసాలకు పోయి, బయటికి వచ్చి, 1992లో దక్షిణ డకోటాలో రెసిడెంటుగ శిక్షణకు చేరెను; అచట గుట్టు బయటపడి వెళ్లగొట్టబడగా, మరుసటి యేడు న్యూయార్కు రాష్ట్రమున మరియొక శిక్షణలో చేరెను. తనకు శిక్షపడినమాట ఆతడు దాచనైన లేదు. మద్యశాలలో జరిగిన కొట్లాటలో ఇరుకుకొంటినని చెప్పి దొంగపత్రములు చూపెను, విన్నవారు తలలూపిరి. ఇల్లినాయి కోర్టుకు ఒక్క ఫోను చేసిన తెలియవలసిన సంగతి అది. 2000లో ఆతడు రోగులను చంపినట్లు ఒప్పుకొని యావజ్జీవశిక్ష పొందెను. న్యూజెర్సీలో 2003లో పట్టుబడిన నర్సు చార్లెస్ కల్లెన్ కథ ఇంకొక తీరు: పదునారేండ్లలో ఆతడు ఆసుపత్రి వెంట ఆసుపత్రి మారుచుండగా, అనుమానము తగిలిన యజమానులు సయితము తరువాతివారికి ఆ మాట చెప్పక సాగనంపిరి. ఒకచోట పెద్దలు అడుగవలసినది అడుగలేదు, ఒకచోట పెద్దలు చెప్పవలసినది చెప్పలేదు. ప్రాయశ్చిత్తము మాత్రము పందొమ్మిదేండ్ల పిల్లల మూత్రపిండములనుండి రాబట్టబడుచున్నది.

ఇక ఆ పాత్రలో వెదకబడు పది పదార్థముల పట్టికను చూచినవానికి పురావస్తుశాఖ జ్ఞప్తికి వచ్చును. చాల పట్టికలలో నేటికిని మెథాక్వలోన్ అను మత్తుమందు కలదు. 1984లో అమెరికా ప్రభుత్వము దానిని సంపూర్ణముగ నిషేధించునాటికి, నేడు పరీక్షకు వచ్చు పిల్లల తల్లులు పలకాబలపము పట్టియుందురో లేదో. ప్రొపాక్సిఫీన్ అను నొప్పిమందు కలదు, 2010లోనే అది మందులషాపులనుండి వెడలిపోయినది. కాని ఆసుపత్రి బీరువాలనుండి దొంగిలింపబడు ఫెంటనిల్ మాత్రము, నల్లమందు జాతిని వెదకు ఆ సామాన్య పరీక్షకు చిక్కదు. దానికై వేరొక పరీక్ష కావలెను, సమాఖ్య ప్రభుత్వపు పట్టికలోనే అది 2025లో గాని చేరలేదు. న్యూహాంప్‌షైర్‌లో పనిచేసి 2012లో పట్టుబడిన ఒక టెక్నీషియన్, గుండెరోగులకై సిద్ధపరచిన ఫెంటనిల్ సిరంజిలను తాను గ్రుచ్చుకొని, అవే సిరంజిలను మరల యథాస్థానమున నుంచి, పదులకొలది రోగులకు హెపటైటిస్ సి అంటించి, 39 యేండ్ల శిక్ష పొందెను. ఆతడు విద్యార్థి కాడు. బీరువా తాళములు విద్యార్థుల చేత నుండవు.

మద్యము ఊసే సాధారణముగ ఆ పట్టికలో లేదు. శనివారము కొకైన్ పీల్చినవాడు మరుసటి శనివారమునకు ప్రాయికముగ నిర్మలుడై వచ్చును. గంజాయి కలవాటుపడి మానినవాడు మూడువారములైన పిమ్మటను దొరకవచ్చును. కాలిఫోర్నియాలో ఇరువదియొక యేండ్లు నిండినవారికి అది 2016 నుండి చట్టసమ్మతమే యైనను, 1970 నాటిదే యైన మరియొక సమాఖ్య చట్టము దానిని నిషిద్ధములలో జేర్చినందున, అంగడిలో రశీదు పుచ్చుకొని కొన్నవానికి వార్డులో చోటుండదు.

అయినను మన తెలుగిండ్లకు ఈ పరీక్షవలన కలిగెడి అసలు ఆపద గంజాయి వలన కాదు, గసగసాల వలన. గింజలో మార్ఫిన్ సహజముగ లేకున్నను, కోతవేళ గసగసాల కాయనుండి కారిన పాలు దానికి అంటుకొనును. ఎంత అంటునో ఏ సంచికి ఆ సంచియే సాక్షి. ఈ చిక్కును గుర్తించియే 1998లో సమాఖ్య ప్రభుత్వము తన యుద్యోగుల పరీక్షలో హద్దును మిల్లీలీటరునకు 300 నానోగ్రాములనుండి 2000కు పెంచెను. 2023 ఫిబ్రవరిలో అమెరికా రక్షణశాఖ, గసగసాలు తినవలదని తన సైనికులనే హెచ్చరించెను. యుద్ధనౌకలు నడపువారినే కలవరపెట్టిన గింజ ఇది. అయినను పెక్కు ప్రైవేటు పరీక్షలలో నేటికిని పాత 300యే హద్దు. అది దాటినచో మెడికల్ రివ్యూ ఆఫీసరను వైద్యుడు ఫోను చేసి, ఈ మార్ఫిన్‌కు డాక్టరు చీటీ ఏదైన కలదా యని మర్యాదగనే అడుగును. మటన్ కూరకు చీటీ వ్రాసియిచ్చిన డాక్టరు ఇంతవరకు పుట్టలేదు.

పరీక్షకు రెండుదినములు ముందు, మనవారు కాపురముండు ఎడిసన్‌లోనో, ఫ్రిస్కోలోనో ఒక వంటింట జరుగదగిన సంభాషణము ఇట్లుండును.

"అమ్మా, కూరలో గసగసాలు వేశావా?"

"వేయకపోతే గుజ్జు ఎలా చిక్కబడుతుందే? కొబ్బరీ, గసాలూ నూరి పెట్టాను."

"నాకొద్దు. మంగళవారం డ్రగ్ టెస్టు ఉంది."

"డ్రగ్ టెస్టా! ఏం చేశావే? మీ నాన్నకి తెలుసా?"

"నేనేం చేయలేదు. నువ్వు చేసిన కూరే చేస్తుంది."

తల్లి గరిటె ప్రక్కన బెట్టి, ముప్పది యేండ్లుగ తాను నలుగురికి వండిపెట్టినది నల్లమందా యని కొంతసేపు ఆలోచించును. ఆ పిమ్మట ఇట్లనును: "సరే, నీకు వేరే గిన్నెలో జీడిపప్పు నూరి వేస్తాను. దానికీ పరీక్ష ఉందేమో, వాళ్లకి ఫోన్ చేసి కనుక్కో. మాంసం ఇంకో కిలో ఫ్రిజ్‌లో ఉంది."