ఫ్రిజ్జు తలుపు పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

ఆ. సోమవారమందు సొరకాయ పప్పును,
మంగళమున రాగి, మజ్జిగయును,
బుధము గురువు శుక్ర పులుసుకూర, పెరుగు,
శనిని మిగులు తినుఁడు సాంతముగను.

అవతారిక

ఇంటిల్లిపాది ఆరోగ్యార్థం వారం వంటను ముందే నిర్ణయించవలెనని సంకల్పించి, కవయిత్రి ఈ ఆటవెలదిని ఫ్రిజ్జు తలుపు మీద మామిడిపండు అయస్కాంతం కింద ప్రతిష్ఠించినది. ఆమె హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగిని. వ్యాఖ్యాత ఆమె భర్త; గ్యాసు బుక్ చేయుట, కరెంటు బిల్లు కట్టుట ఇతని విద్యలు.

కాలనిర్ణయం కష్టం కాదు. పద్యం రాసిన కాగితం ల్యాబు రిపోర్టు వచ్చిన కవరు. కనుక ఇది కవయిత్రి అత్తగారి షుగరు పరీక్షకు అనంతర రచన. రెండో పాదంలో రాగి ఉన్నది. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక గాని ఈ వంటింట్లో రాగిపిండి డబ్బా కాలు పెట్టలేదు. ఇక ప్రభావాల సంగతి. కవయిత్రి ఆఫీసు బస్సు రోజూ తార్నాక మీదుగా, జాతీయ పోషకాహార సంస్థ గేటు ముందునుంచే పోతుంది. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి విచారణకని మొదలై, 1958లో హైదరాబాదు చేరిన సంస్థ అది. బస్సు కిటికీలోంచి పోషకాహార జ్ఞానం సోకునా అని అడిగే విమర్శకులకు మా సమాధానం: ట్రాఫిక్కులో అంతసేపు ఆగితే ఏదైనా సోకును.

ప్రతిపదార్థం

సోమవారమందు = ఆదివారం తిన్నదానికి పశ్చాత్తాపం కలిగే దినమందు; సొరకాయ పప్పును = సొరకాయ ముక్కలతో కలిసి ఉడికిన కందిపప్పును; మంగళమున = మంగళవారమున; రాగి = రాగిసంగటిని (చెంబుకు సంబంధించిన లోహము కాదు); మజ్జిగయును = దానిని గొంతు దించు ద్రవమును; బుధము గురువు శుక్ర = ఆ మూడు వారములయందు; పులుసుకూర = గోంగూరో తోటకూరో, రైతుబజారులో ఏది లేతగా దొరికితే దానిని; పెరుగు = పెరుగును; శనిని = శనివారమున; మిగులు = స్టీలు గిన్నెలలో మూతల కింద మిగిలినదానిని; సాంతముగను = గిన్నె తోమువారు సంతోషించునట్లుగా; తినుఁడు = తినండి.

తాత్పర్యం స్పష్టము.

విశేషం

మొదటి రెండు పాదాల్లో రోజుకొక పాదం ఇచ్చిన కవయిత్రి మూడో పాదంలో మూడు రోజుల్ని ఒకే గంపలో వేసినది. ఇది ఛందస్సు కోసం చేసిన సంక్షేపమని పండితులు అనుకోవచ్చు. వారపు వంట ప్రణాళిక వేసినవారికి అసలు సంగతి తెలుసు: సోమవారపు ఉత్సాహం బుధవారం దాకా నిలవదు. నిలవదని ముందే ఒప్పుకుని రాసిన ప్రణాళిక గనుకనే ఇది ఇంకా తలుపు మీద ఉన్నది. రోజుకు మూడు పూటల చొప్పున ఇరవై ఒక్క గళ్ళు గీసి రంగు పెన్నులతో నింపిన పట్టికలు పూర్వం రెండు వెలిశాయి. వాటికి వ్యాఖ్య రాసే అవకాశమే రాలేదు.

పులుసుకూరలో ఒక సూక్ష్మం ఉన్నది. ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టాలంటే విటమిన్ సి తోడు కావాలి. అందుకు పక్కన నిమ్మచెక్క ఉంటే మంచిది. ఇంత చేసి భోజనం ముగియగానే టీ తాగితే ఆ ఇనుము చాలావరకు పట్టకుండానే పోతుంది. గంట ముందూ గంట తర్వాతా టీ కాఫీలు వద్దని తార్నాక వారి మాట. కవయిత్రి అత్తగారు దీనిని "కొత్త శాస్త్రం" అని కొట్టిపారేసి, గ్లాసు చేత పట్టుకునే ఈ వాక్యం చదివారు.

రాగి విషయంలో మాత్రం ఆవిడదే ప్రమాణం. నూరు గ్రాముల రాగుల్లో పాలకంటే రెట్టింపు పైగా కాల్షియం ఉన్నదని కోడలు వినిపించగా, అనంతపురం జిల్లాలో పుట్టిన ఆ తల్లి నవ్వినది. తన చిన్నతనంలో సంగటి రోజూ, వరి అన్నం పండక్కి. ఆ తర్వాత బోర్లు పడ్డాయి, 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం పెట్టాడు, సంగటి పేదరికానికి గుర్తయి కూర్చున్నది. "అప్పుడు లేక తింటిమి, ఇప్పుడు షుగరొచ్చి తింటాండాం" అని ఆవిడ చేసిన వ్యాఖ్యకు టీక అక్కరలేదు.

పాఠాంతరములు

మొదటి పాదంలో ఇంటరు చదువుతున్న కుమారుడు పెన్సిలుతో దిద్దిన పాఠం: "సోమవారమందు చికెను ముక్కయుఁ బప్పు". ఇది అగ్రాహ్యం. సో-కు చి-తో యతి చెల్లదు. సోమవారం చికెను అత్తగారి దగ్గర అంతకన్నా చెల్లదు.

ఏడో తరగతి కుమార్తె పాఠం మరింత ప్రమాదకరం: "సోమవారమందు సూపు నూడుల్సును". యతి చెల్లినది, గణాలు సరిపోయినవి. ఎక్కడా పట్టుకోవడానికి వీల్లేదు. ఛందస్సు ఒప్పుకొన్నా ఉప్పు ఒప్పుకోలేదు గనుక దీనిని పరిహరించినాము: మనిషికి రోజు మొత్తానికి ఐదు గ్రాములు, అంటే ఒక చెంచాడు, మించరాదన్నది నియమం. ప్యాకెట్లోని మసాలా పొట్లం ఒక్కపూటలోనే అందులో పెద్ద వాటా పట్టుకుపోతుంది. ఇంత ధీరంగా తీర్పు చెప్పిన వ్యాఖ్యాత విస్తట్లో ఆవకాయ ఉన్నదని కుమార్తె సూచించినది. మూలంలో ఆవకాయ ప్రస్తావన లేదు కనుక దానిపై వ్యాఖ్యానించే అధికారం మాకు లేదు.

అధ్యాహారం

ఇది ముఖ్యమైన చోటు. పద్యమంతా వెతికినా "అన్నము" అనే మాట లేదు. రాగి పూటను విడిచిపెడితే తక్కిన ప్రతి పాదమూ అన్నం మీదనే నిలబడి ఉన్నది. చెప్పకపోయినా చెప్పినట్లే గ్రహించుటను శాస్త్రంలో అధ్యాహారం అంటారు. మన ఇళ్ళలో వచ్చే చిక్కంతా ఈ అధ్యాహారం వల్లనే. కూర మారుతుంది, పులుసు మారుతుంది, అన్నపు కుప్ప మారదు.

జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం రెండువేల కేలరీల పళ్ళెంలో రోజు మొత్తానికి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు 400, పళ్ళు 100, నూనెలు కొవ్వులు 27, పాలో పెరుగో 300 మిల్లీలీటర్లు. అన్నీ వండకముందు తూకాలే. ఇడ్లీలో బియ్యమూ, రాత్రి చపాతీలో గోధుమా ఆ 250లోనివే. లెక్కకు ఐదుగురినీ పెద్దలుగానే పట్టుకుంటే రోజుకు పప్పు 425 గ్రాములు కావాలి. టీగ్లాసుడు కందిపప్పును చారు దాకా సాగదీసే ఇంట్లో ఈ అంకె చదివి కాసేపు నిశ్శబ్దం ఆవరించినది. కూరగాయలు వారానికి పద్నాలుగు కిలోలు. వ్యాఖ్యాత రైతుబజారు నుంచి తెచ్చే సంచీ అంత బరువుతో ఏనాడూ ఇంటికి రాలేదు.

పప్పన్నానికి పేరు పెట్టనక్కరలేదు. బియ్యంలో కొరవడిన లైసిన్ పప్పు తీరుస్తుంది, పప్పులో కొరవడిన మెథియోనిన్ బియ్యం తీరుస్తుంది. కాని మూడుపాళ్ళ ధాన్యానికి ఒక పాలు పప్పు ఉంటేనే ఆ స్నేహం. అన్నానికి పసుపురంగు అద్దడానికి మాత్రమే వచ్చిన పప్పు ఏమి తీర్చగలదు? కాబట్టి ఈ పద్యాన్ని పాటించదలచినవారు కొత్త వంటలు నేర్వనక్కరలేదు. హస్తం ఏ గిన్నెలో ముందు పెడుతున్నామో చూసుకుంటే చాలావరకు పని జరుగుతుంది.

ఆక్షేపం – సమాధానం

వారం అన్నాక ఏడు రోజులు గదా, ఆదివారం ఏది? స్థలాభావమని కొందరు. బిర్యానీ అనునది అనుభవైకవేద్యం గనుక వర్ణించలేదని కుమారుడు. కవయిత్రి కావాలనే విడిచినదని మా అభిప్రాయం. ఆదివారానికి కూడా సొరకాయ రాసి ఉంటే మంగళవారం నాటికే కాగితం చిరిగి ఉండును.

శనివారం అత్తగారు వేంకటేశ్వరస్వామికి ఒంటిపూట ఉంటారు, రాత్రి ఉప్మాయే; మరి "మిగులు తినుఁడు" ఆవిడకెట్లు వర్తించును? వర్తించదు. శ్రీవారి మొక్కు ఫ్రిజ్జు తలుపు కంటే బలవత్తరం.

మరి కర్త ఎవరు? ఇది వ్యాకరణ ప్రశ్నే గాని జవాబు చెప్పుకోవడం ఇబ్బంది. పద్యంలో క్రియాపదం ఒక్కటే: తినుఁడు. కొనుట, కడుగుట, తరుగుట, రాత్రి పప్పు నానబెట్టుట మరచిపోకుండుట, వీటికి క్రియ లేదు, కర్తా లేదు. లేనిచోట సందర్భాన్ని బట్టి కర్తను తెచ్చుకోవాలి కనుక ఇంట్లో అందరమూ కవయిత్రినే తెచ్చుకుంటూ వచ్చినాము. గత శుక్రవారం కవరు అంచున కొత్తగా రెండు మాటలు కనబడ్డాయి: "తరుగుట, వ్యాఖ్యాత". ప్రక్షిప్తమని తోసిపుచ్చుదామని దస్తూరి పరిశీలించినాము. కవయిత్రిదే. పీటా కత్తీ ఎక్కడుంటాయని అడుగగా, పెళ్ళయిననాటి నుంచి అక్కడే ఉన్నాయని సమాధానం వచ్చినది.