అంకెవాద ఖండనం

‘వయసు ఒక అంకె మాత్రమే’ అనే సిద్ధాంతాన్ని సౌలభ్యం కోసం అంకెవాదం అని వ్యవహరించవచ్చు. పదవీ విరమణ సభలో శాలువా కప్పే ముందు, పుట్టినరోజు నాటి వాట్సాప్ సందేశంలో, ఉదయపు నడకకు వచ్చేవారి బనీన్ల మీద ఈ వాదం ధారాళంగా వినియోగమవుతున్నది. దీనికి మొదటి లోపం భాషలోనే ఉంది: అంకె అంటే సున్నా నుంచి తొమ్మిది వరకు గల గుర్తు, అంకెలు చేరి విలువను తెలిపితే అది సంఖ్య, కనుక ఈ సిద్ధాంతం అక్షరాలా వర్తించేది పదేళ్లు నిండని పిల్లలకే గాని, శాలువా కప్పించుకునేవారికి కాదు.

ఆ అంకెను ప్రభుత్వం మాత్రం శ్రద్ధగానే లెక్కిస్తుంది, కాకపోతే ఒక్కో కిటికీ దగ్గర ఒక్కో రకంగా. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ కోసం 2007లో చేసిన చట్టానికి 60 ఏళ్లవారు వయోవృద్ధులు. ఆదాయపు పన్ను శాఖ 80 ఏళ్లవారి కోసం వేరే పీట వేసింది. రైల్వేశాఖ కింది బెర్తు కోటాలో స్త్రీకి 45 ఏళ్లకే పెద్దరికం కట్టబెట్టి, పురుషుణ్ణి 60 దాకా పై బెర్తు ఎక్కగల వీరుడిగా పరిగణిస్తుంది. టికెట్టు మీద పెద్దలకు 40, 50 శాతం చొప్పున ఇచ్చే రాయితీని 2020 మార్చిలో నిలిపివేసిన నాడే ఆ శాఖ అంకెవాద దీక్ష పుచ్చుకున్నదని చెప్పాలి. తెలంగాణలో వృద్ధాప్య పింఛను వయసు 65 నుంచి 57కు దిగితే, ప్రభుత్వోద్యోగి విరమణ వయసు 58 నుంచి 61కి ఎక్కింది. నాట్లు వేసిన నడుముకు ముసలితనం ముందుగా వస్తుందనీ, సంతకాలు పెట్టిన చేతికి తీరిగ్గా వస్తుందనీ ప్రభుత్వమే ఒప్పుకున్నట్లయింది; అది అబద్ధమూ కాదు. 1983లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉద్యోగుల విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించిన ప్రభుత్వానికి అధిపతి, ఆ మే నెలలో 60 నిండబోతున్న ఎన్.టి. రామారావు. గుమస్తాకు వృద్ధాప్యమైనది ముఖ్యమంత్రికి నవయౌవనం కావడంలో అసంగతమేమీ లేదు, ప్రజాసేవకు అంకెలు పట్టవు.

పింఛనుదారు ఏటా సమర్పించే జీవన ప్రమాణ పత్రం, అంటే తాను ఇంకా బతికే ఉన్నానని తానే ఇచ్చుకునే ధ్రువీకరణ, ఈ లెక్కలకు కొసమెరుపు. 2014 నుంచి దానిని ఆధార్ సాయంతో వేలిముద్ర ద్వారా ఇచ్చే వీలు కల్పించారు. పనిచేసి పనిచేసి గీతలు అరిగిన వేలిని యంత్రం పోల్చుకోకపోతే, ఎదురుగా కూర్చుని దగ్గుతున్న మనిషి సాక్ష్యం చెల్లదు.

అయితే తెలుగునాట వయసును నిర్ణయించే అసలు కార్యాలయం వీధిలో ఉంది. వరుసలు, అనగా బంధుత్వం లేకపోయినా బంధుత్వాన్ని తగిలించే పిలుపులు, దాని రికార్డులు. నిన్నటిదాకా ‘అన్నా’ అన్న కూరగాయల బండివాడు ఒక ఉదయం ‘బాబాయ్’ అంటాడు, కొన్నాళ్లకు బస్సు కండక్టరు ‘పెద్దాయనా, లోపలికి జరగండి’ అంటాడు, ఆపై ‘తాతా’ ఖాయమవుతుంది. స్త్రీలకైతే అక్క, ఆంటీ, మామ్మగారు అనే మెట్లు. ఈ పదోన్నతికి దరఖాస్తు అక్కరలేదు, తిరస్కరించే హక్కూ లేదు. జుట్టుకు వేసే రంగు నెలనెలా పొడిగించుకోవలసిన స్టే ఉత్తర్వు వంటిది, తుది తీర్పు చెవుల పక్కన తెల్లగా కనబడుతూనే ఉంటుంది. ఇక ‘మీకు అరవై అంటే ఎవరూ నమ్మరండీ’ అనే ప్రశంస, అరవై ఏళ్లవాడు అరవై ఏళ్లవాడిలా కనబడటం ఒక నేరమనీ, సాక్ష్యాధారాలు లేక విడిచిపెడుతున్నామనీ చెప్పే మర్యాద.

అంకెవాదానికి ఎదురు సూత్రం ‘ఈ వయసులో మీకెందుకండీ’. రెండింటినీ ఒకే నాలుక పలుకుతుంది గనుక ఏది ఎప్పుడు వర్తిస్తుందో తెలుసుకోవడం అవసరం. మనవణ్ణి స్కూలు బస్సు ఎక్కించడానికి, అపార్టుమెంటు సంఘం లెక్కలు రాయడానికి, కూతురి పురుటికి హైదరాబాదు నుంచి డల్లాస్‌కు రెండు విమానాలు మారి వెళ్లడానికి వయసు అంకె మాత్రమే. ముదురు రంగు చీరకు, కొత్త స్కూటరుకు, తీర్థయాత్ర కాని ప్రయాణానికి, భార్య పోయినవాడి లేదా భర్త పోయినామె రెండో పెళ్లికి మాత్రం అది వయసే. పెద్దలు చేయవలసిన పని ఇతరులకు పనికొస్తే అంకె, వారికి సరదా అయితే వయసు అనేదే ఇక్కడి ధర్మసూక్ష్మం.

ఈ వైరుధ్యం పరాకాష్ఠకు చేరేది షష్టిపూర్తిలో. ప్రభవ మొదలు అక్షయ వరకు 60 సంవత్సరాల చక్రం పూర్తయి, పుట్టిన సంవత్సరం మళ్లీ వచ్చినందుకు దంపతులకు జరిపే శాంతి ఇది. ఆ అంకె కోసమే పుట్టిన పండుగ. అక్కడే వేదిక ఎక్కి, మైకు అందుకుని, వయసు అంకె మాత్రమేనని సెలవిచ్చేవారికి చెప్పగలిగింది లేదు. ఆహ్వానపత్రిక అచ్చు వేయించే కుమారులకు మాత్రం ఒక మనవి: ‘షష్టి’ అంటే అరవై, ‘షష్ఠి’ అంటే ఆరో తిథి, తండ్రిగారికి వచ్చినది మొదటిది, దయచేసి ఠ ఒత్తు తీయించండి.