అర్జునుడి బోరు కణేకల్‌కు ఎప్పుడొస్తుంది?

రావణుడి దగ్గర పుష్పకం ఒక్కటే కాదు, 24 రకాల విమానాలు ఉండేవని, అవి దిగడానికి లంకలో విమానాశ్రయాలు కూడా ఉండేవని 2019 జనవరి 4, శుక్రవారం నాడు జలంధర్‌లో తేలిపోయింది. గాంధారి కన్న నూర్గురూ టెస్ట్ ట్యూబ్ బేబీలేనని కూడా అక్కడే ఖరారైంది. 106వ భారత సైన్స్ కాంగ్రెస్‌లో సాక్షాత్తు ఆంధ్ర విశ్వవిద్యాలయం అప్పటి ఉపకులపతి సెలవిచ్చిన మాటలు కాబట్టి సాక్ష్యం అడగడం మర్యాద కాదు. నిర్వాహకులు మాత్రం ‘అవి మా అభిప్రాయాలు కావు’ అని చేతులు దులుపుకున్నారు. పిరికివాళ్లు. ఆ ప్రసంగంతో నాకున్న పేచీ వేరు. విమానం చెప్పారు, క్షిపణి చెప్పారు, మూలకణం చెప్పారు, బోరు మాట మరిచిపోయారు. అనంతపురం జిల్లా కణేకల్ మండలంలో విమానం ఎక్కనివాళ్లు బోలెడుమంది ఉంటారు, వాళ్లకా దిగులేమీ లేదు. వాళ్లు తల పైకెత్తి చూసేది మబ్బు కోసం, తల దించుకుని చూసేది బోరు కోసం. ఇంత జ్ఞానం పంచిపెట్టిన సభలో వాళ్ల వాటా ఎగ్గొట్టడం అన్యాయం.

భీష్మపర్వం తీసి చూడండి. అంపశయ్య మీదున్న పెద్దాయనకు దాహమేసింది. రాజులందరూ కడవలతో చల్లటి నీళ్లు పట్టుకొస్తే వద్దన్నాడు, అర్జునుణ్ణి పిలిపించాడు. మనవడు రథమెక్కి తాత చుట్టూ ప్రదక్షిణం చేసి, గాండీవానికి బాణం తొడిగి, పర్జన్యాస్త్రం మంత్రించి, ఆయన కుడిపక్కన నేలలోకి కొట్టాడు. నీళ్లు ఉబికి పైకొచ్చాయి. ఉపకులపతి గారి కొలబద్దతో కొలిస్తే ప్రపంచంలో మొట్టమొదటి బోరుబావి ఇదే. పాయింటు చూడ్డానికి అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరిగే మనిషి అక్కర్లేదు. తిరుచెంగోడు రిగ్గు లారీ రానక్కర్లేదు. అడుగుకింతని బేరం లేదు, కేసింగ్ పైపు లేదు, ట్రాన్స్‌ఫార్మర్ కోసం కరెంటాఫీసు చుట్టూ తిరగడం లేదు, త్రీఫేజు ఎప్పుడిస్తారా అని నడిరాత్రి చేలో కాపలా లేదు. అసలు మోటారే లేదు, నీళ్లు వాటంతటవే పైకొచ్చాయి. అన్నిటికన్నా ముఖ్యం, పద్దెనిమిది పర్వాలూ గాలించినా అర్జునుడి బోరు ఫెయిలైన దాఖలా ఒక్కటీ దొరకదు. వేసిందల్లా పడింది. నూటికి నూరు శాతం.

అందుచేత కణేకల్ తరఫున మనవి ఏమిటంటే, ఈ పరిజ్ఞానాన్ని ముందు ఇక్కడ పరీక్షించాలి. ఇంతకన్నా మంచి చోటు దొరకదు. ఒకపక్క తుంగభద్ర ఎగువ కాలువతో నిండే చెరువు, దాని కింద వరిమళ్లు. ఇంకోపక్క హగరి ఒడ్డున గాలికి చోటు మార్చుకునే ఇసుక దిబ్బలు. ఏడాదికి సగటున ఐదారు వందల మిల్లీమీటర్ల వానతో నెట్టుకొచ్చే జిల్లా ఇది. కింద రాయి, నీళ్లుండేది ఆ రాతి పగుళ్లలోనే. పగులు తగలకపోతే ఎన్ని వందల అడుగులు దిగినా దుమ్మే లేస్తుంది. కాబట్టి విశ్వవిద్యాలయంలో పర్జన్యాస్త్ర విభాగం ఒకటి తెరవాలి. 2002 నాటి వాల్టా చట్టం బోరుకు అనుమతి తీసుకోమంటుంది గానీ బాణం ఊసెత్తదు, దానికో సవరణ తేవాలి. భీష్ముడి స్థానంలో ఎవర్ని పడుకోబెట్టాలన్నది సమస్యే కాదు, గొంతెండి నేలమీద కూలబడ్డవాళ్లకు ఇక్కడ కొదవ లేదు. తొలి బాణం వేసే గౌరవం ఆ ఉపకులపతి గారిదే. నీళ్లు పడకపోయినా సిద్ధాంతానికొచ్చే ముప్పేమీ లేదు, మంత్రంలో స్వరం తప్పిందంటే సరిపోతుంది. ఆశ పెట్టుకోవడానికి ఆధారం కూడా ఉంది. భరద్వాజ మహర్షిదిగా చెలామణీ అవుతున్న వైమానిక శాస్త్రం నిజానికి బెంగళూరు పక్కన ఆనేకల్‌లో ఉన్న సుబ్బరాయశాస్త్రి నోట వెలువడింది. 1974లో బెంగళూరు ఐఐఎస్‌సీ ఆచార్యులు ఐదుగురు దాన్ని ఓపిగ్గా చదివి, బొమ్మలు పరిశీలించి, ఆ గ్రంథం 1904కు ముందుది కాదని, అందులోని విమానాలు ఎగరవని తేల్చారు. అయినా ఏం, నేటికీ సభల్లో ఎగురుతూనే ఉన్నాయి. ఆనేకల్‌కు ఎగరని విమానాలు దక్కినప్పుడు కణేకల్‌కు పడని బోర్లు దక్కకూడదా? ఆ మాటకొస్తే పడని బోర్లు మన దగ్గర ముందునుంచే ఉన్నాయి.

జలంధర్ ప్రసంగం విన్నవాళ్లు ‘ఇవేం చిన్నపిల్లల మాటలు’ అని నవ్వారు. ఇది పిల్లల్ని అవమానించడం. గతం గురించి పిల్లలకు వింత ఊహలుంటాయి, కాదనను. పాత ఫొటోలు చూసి ఒకప్పుడు లోకమంతా నలుపు తెలుపుల్లో ఉండేదనుకుంటారు. కృష్ణదేవరాయలి ఏనుగు మీద నువ్వెక్కావా అని తాతను అడుగుతారు. కణేకల్‌లో పుట్టిన పిల్ల ఎగువ కాలువను దేవుడు పారించిన ఏరనుకుంటే తప్పు పట్టలేం, తను కళ్లు తెరిచేనాటికే అది అక్కడ ఉంది. తుంగభద్ర డ్యాం 1953లో గానీ పూర్తి కాలేదని, అంతకు ఏడాది ముందు రాయలసీమలో గంజి కేంద్రాలు తెరిచారని, ఆ కాలువ ఊళ్లో ఎందరో తాతలకన్నా చిన్నదని ఎవరో ఒకరు చెప్పేదాకా ఆ పిల్లకు తెలిసే దారి లేదు. కాలాన్ని పిల్లలు ఎలా అర్థం చేసుకుంటారో పరిశీలించిన స్విస్ మనస్తత్వవేత్త పియాజే, పొడుగ్గా ఉన్నవాళ్లే వయసులో పెద్దవాళ్లని చిన్నపిల్లలు నమ్ముతారని గమనించాడు. మన పెద్దలది దీన్ని తిరగేసిన పొరపాటు, ఎంత పాతదైతే అంత పొడుగని. తేడా ఒక్కటే. తమ్ముడు అక్కను మించి పొడుగైన రోజు పిల్లల సిద్ధాంతం కూలిపోతుంది, వాళ్లు నవ్వేసి ఇంకోటి కట్టుకుంటారు. పెద్దల సిద్ధాంతానికి అలాంటి తమ్ముడు ఎన్నటికీ పుట్టడు, పుట్టనివ్వరు.

మన పూర్వీకుల గొప్ప నాలుగు ముక్కలు చెప్పుకుంటే ఎవరికి నష్టమని కొందరు అడుగుతున్నారు. కల్పన లేనిదే సైన్సు లేదని, చంద్రుడి మీదికి ముందు కథలే వెళ్లాయని ఇంకొందరి వాదన. రెండో మాట నిజమే, ఒప్పుకుంటున్నాను. కానీ చంద్రయానం నవల రాసిన జూల్స్ వెర్న్‌ను పట్టుకుని, ఆయన కళ్లారా చూసి రిపోర్టు రాశాడని ఫ్రాన్సులో ఏ ఉపకులపతీ అనడు. ఆకాశంలో నడిచే మేడను ఊహించిన వాల్మీకి మహాకవి. దాన్ని చూసి రాసుకున్నాడంటే ఆయన ఎయిర్‌పోర్టు గుమాస్తా అవుతాడు. పొగుడుతున్నామనుకుంటూ కవిని ఉద్యోగంలోంచి తీసేస్తున్నారు. ఇక పూర్వీకుల గొప్పంటారా, అది చెప్పుకోవడానికి లంక దాకా పోనక్కర్లేదు, పక్కనున్న కడప జిల్లా పోరుమామిళ్లకు పోతే చాలు. అక్కడి చెరువు శాసనం 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఆ చెరువు కట్టించాడు. రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని లెక్క చెక్కించి పెట్టాడు. చెరువుకు కావలసిన అంగాలు పన్నెండు చెప్పి, రాకూడని దోషాలు ఆరు చెప్పాడు: కట్ట కారడం, చౌడు నేల, నడుమ మెరక, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీళ్లు ఎక్కువై నేల తక్కువ కావడం, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం.

ఆ ఆఖరి దోషం దగ్గర కాస్త ఆగండి. కణేకల్ చెరువు నిండాలంటే నీళ్లు కర్ణాటక హోస్పేట దగ్గరి డ్యాంలోంచి రావాలి. ఎగువ కాలువలో మన వాటా 32.5 టీఎంసీలు. డ్యాం కట్టినప్పుడు 133 టీఎంసీలు పట్టేది, పూడిక పేరుకుని ఇప్పుడు వంద చిల్లరకు దిగింది, ఆ మేరకు వాటాలూ కోసుకుపోతున్నాయి. సరిహద్దు మీది నీటితో తిప్పలు తప్పవని ఆరున్నర శతాబ్దాల కిందటే ఆ సీమ శాసనం రాతి మీద చెప్పింది. ఇది విజ్ఞానం. దీనికి అంకెలున్నాయి, కూలీల చెమట ఉంది, ఫలానా చోట చెడిపోవచ్చునన్న ఒప్పుకోలు ఉంది. ఇంత నిజం ఇంటి పక్కన పెట్టుకుని, లేని విమానాల మీద గర్వపడమని పిల్లలకు చెప్పడం దేశభక్తి అనిపించుకోదు. ఉన్న తాతను గుమ్మం బయట నిలబెట్టి, లేని తాత ఫొటోకు దండ వెయ్యడం అది.

అయినా ఇరవై నాలుగు విమానాలనూ మనసారా క్షమిస్తాను. క్షమించలేనిది ఎదురుగా కూర్చున్నవాళ్లు ఎవరన్నది. ఆ ప్రసంగం జరిగింది ఆ సభల్లో భాగమైన బాలల సైన్స్ కాంగ్రెస్‌లో. సైంటిస్టు అనే మనిషిని కళ్లారా చూద్దామని వచ్చిన పిల్లల ముందు, ఒకప్పుడు ఉపకులపతిగా కట్టమంచి రామలింగారెడ్డి కూర్చున్న కుర్చీలో ఆనాడు కూర్చున్న మనిషి నిలబడి, సాక్ష్యం లేకుండా మాట్లాడినా చప్పట్లొస్తాయని నేర్పించి వచ్చాడు. శాస్త్రీయ దృక్పథం పౌరుడి విధి అని రాజ్యాంగంలోని 51ఎ అధికరణం చెబుతోంది, 1977 నుంచీ చెబుతోంది. ఆ పిల్లలు అప్పటికి దాన్ని చదవబోయే వయసులో ఉన్నారు. ఈ అబద్ధానికి ఖరీదుంది, దాన్ని కట్టేది జలంధర్‌లో కాదు. అరచేతిలో టెంకాయ నిలబడింది కాబట్టి కింద నీళ్లున్నాయని నమ్మి, పెళ్లాం పుస్తెలు కుదువపెట్టి రిగ్గు పిలిపించే రైతుకు, అది సాక్ష్యం కాదయ్యా అని చెప్పాల్సింది ఎవరు? చదువుకున్నవాళ్లు. వాళ్లే వేదికెక్కి టెంకాయ తిప్పుతుంటే, వీళ్లు ఎవర్ని అడగాలి? ఒక్కో తప్పుడు పాయింటు ఒక్కో అప్పు. ఆ అప్పుల కింద ఈ జిల్లాలో ఎన్ని ఇళ్లు కూలిపోయాయో ఆ కుర్చీకి తెలియదా?

ఆనాటి ఉపకులపతి గారు చెయ్యగలిగింది ఒకటుంది, దానికి విభాగమూ నిధులూ అక్కర్లేదు. ఆ పిల్లలందరికీ ఒక కార్డు ముక్క రాయాలి: ‘నేను చెప్పినదానికి నా దగ్గర రుజువు లేదు’ అని. ఇదేమంత కష్టమైన వాక్యం కాదు. దుమ్ము తప్ప మరేమీ లేవనప్పుడు కణేకల్ రైతు ఈ వాక్యమే చెబుతాడు. రిగ్గువాడి ముందు చెబుతాడు, ఇంటికెళ్లి పెళ్లాం ముందు చెబుతాడు, తెల్లారి అప్పిచ్చినవాడి ముందూ చెబుతాడు. ‘పడలేదు’ అంటాడు, అంతే.