వెయ్యి వాట్ల డిక్కీ

కొత్త కారు కొన్న మొదటి నెల ఓనరుకి అన్నీ శ్రావ్యంగానే వినిపిస్తాయి, ఇండికేటర్ టిక్‌టిక్‌తో సహా. రెండో నెలలో బావమరిది కారెక్కుతాడు. "బావా, బేస్ లేదేంటి?" అంటాడు. అంతే. అప్పటిదాకా నిక్షేపంలా మోగిన స్టీరియో ఆ క్షణం నుంచి ముక్కుతో పాడటం మొదలెడుతుంది.

మరుసటి వారమే సదరు ఓనరు యాక్సెసరీస్ షాపులో తేలతాడు. అక్కడి కుర్రాడు డోర్ ప్యాడ్ పట్టుకుని ఒక్క గుంజు గుంజుతాడు. క్లిప్పులు టపటపా ఊడతాయి. లక్షలు పోసి కొన్న తలుపు లోపల ఓ రేకు, నాలుగు వైర్లు, పల్చటి ప్లాస్టిక్ షీటు తప్ప ఏమీ లేవని చూసి ఓనరు గుండె సగం జారుతుంది. కుర్రాడు స్పీకరు ఊడదీసి అరచేతిలో పెట్టగానే మిగతా సగమూ జారుతుంది. కాగితపు కోను, వెనకాల పిసరంత అయస్కాంతం. "ఇదీ సార్, కంపెనీ ఇచ్చింది!"

నిజానికి కాగితాన్ని తిట్టాల్సిన పనిలేదు. ఇళ్లల్లో పెట్టుకునే ఖరీదైన స్పీకర్లలోనూ కాగితపు కోన్లు ఉంటాయి. అసలు దోషి తలుపు. స్పీకరు ముందుకెంత మోగుతుందో వెనక్కీ అంతే మోగుతుంది. లోపలి రేకుకున్న కంతల్లోంచి ఆ వెనకటి శబ్దం బయటికొచ్చి ముందటి దానితో కలిస్తే, కింది స్థాయి స్వరాలు ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. బావమరిది వెతికిన బేస్ పోయింది అక్కడే. బయటి రేకును వేలి కణుపుతో కొట్టి చూడండి, టంగుమంటుంది. బ్యూటైల్ డ్యాంపింగ్ షీటు అతికించి, కంతలు మూసి మళ్లీ కొడితే ధబ్బుమంటుంది. కొన్నిసార్లు పాత స్పీకరే కొత్తదానిలా పలుకుతుంది. కానీ డోర్ ప్యాడ్ వెనకాల దాక్కునే నల్లషీటుకి డబ్బు పెట్టడానికి ఎవరికి మనసొప్పుతుంది? బావమరిదికి చూపించడానికి ఏమీ ఉండదు కదా!

కనుక మనవాడు వాట్లు కొంటాడు.

స్టీరియో డబ్బా మీద "50 వాట్లు x 4" అని ఉంటుంది. ఇంజిను నడుస్తున్నప్పుడు కారులో ఉండేది 14 వోల్టుల పైచిలుకు. ఆ వోల్టేజీతో నాలుగు ఓమ్‌ల స్పీకరుకి శుభ్రంగా అందేది 20 వాట్లు, అటూఇటూగా. డబ్బా మీద అంకె పెళ్లిచూపుల్లో చెప్పిన జీతం. నిలకడగా అందే శక్తిని చెప్పే ఆర్‌ఎంఎస్ అంకె చేతికొచ్చే జీతం. అంతకుమించి కావాలంటే లోపలే వోల్టేజీ పెంచుకునే యాంప్లిఫయర్ పెట్టుకోవాల్సిందే. అదైనా వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది మూడే డెసిబెల్స్. చెవికి మోత రెట్టింపైనట్టు తోచాలంటే దాదాపు పదింతల వాట్లు కావాలి. ఈ లెక్క షాపులో ఎవరూ చెప్పరు, చెబితే ఓనరు వినడు.

చివరికి డిక్కీలో సగం మింగేసే సబ్‌వూఫర్ పెట్టె వచ్చి కూర్చుంటుంది. దాని పుణ్యమా అని సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేటప్పుడు బియ్యం బస్తా వెనక సీట్లోకి, అరిసెల డబ్బా అత్తగారి ఒళ్లోకి చేరతాయి. అల్లుడు గర్వంగా వాల్యూమ్ పెంచుతాడు. నంబర్ ప్లేటు గజగజలాడుతుంది. నాలుగు కిలోమీటర్లు ఓర్చుకుని అత్తగారు అంటారు: "అల్లుడుగారూ, డిక్కీలో ఎవరో తలుపు బాదుతున్నారు. ఒకసారి బండి ఆపండి."

ఇంత చేసి అందులో మోగేది, పది గ్రూపుల్లో ఫార్వర్డ్ అయి నలిగిపోయిన వీడియోలోని పాట.

ఈ పిచ్చి కొత్తదేమీ కాదు. 1930లో అమెరికాలో రేడియోలు తయారుచేసే పాల్ గాల్విన్ తన స్టూడిబేకర్ కారుకి రేడియో బిగించుకుని షికాగో నుంచి అట్లాంటిక్ సిటీలో రేడియో తయారీదారుల సమావేశానికి వెళ్లి, ఆర్డర్లు పట్టుకొచ్చాడు. ఆ కారు రేడియోకి పెట్టిన పేరే మోటొరోలా. అప్పట్లో స్పార్క్ ప్లగ్గుల చిటపటలు పాటలో కలవకుండా చూడటం పెద్ద తలనొప్పి. ఇప్పటికీ యాంప్లిఫయర్ ఎర్త్ వైరును పెయింటు గీకకుండా బిగిస్తే, యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా పాట వెనకాల కుయ్‌మని సన్నాయి లేస్తుంది. తొంభై ఏళ్లు దాటినా ఆ పోరు తీరలేదు.

సరదా ఉన్నవాళ్లు మానక్కర్లేదు. ముందు తలుపులకు షీటు, తర్వాత ముందువైపు మంచి స్పీకర్లు. చాలామందికి అక్కడితో సరిపోతుంది. సబ్‌వూఫర్ కావాల్సిందేనంటే సీటు కింద పట్టే చిన్నవీ ఉన్నాయి. కంపెనీ వైర్లు కోయనివ్వకండి, కోస్తే రేపు వారంటీ దగ్గర పేచీ వస్తుంది, కప్లర్‌తోనే కలపమనండి. యాంప్లిఫయర్ పెడితే మాత్రం బ్యాటరీ నుంచి మూరెడు లోపే ఫ్యూజు ఉండాలి. వైరు ఎక్కడైనా రేకుకి ఒరుసుకుంటే కారు అంటుకోకుండా ఆపేది అదే. పాట ఎలా ఉందో తర్వాత వినొచ్చు, ముందు బానెట్ తెరిపించి ఆ ఫ్యూజు చూసుకున్నాకే డబ్బు చేతిలో పెట్టండి.