కాలినడక శాఖ వారికి ఒక అర్జీ

మహారాజశ్రీ కాలినడక శాఖ ముఖ్య కార్యదర్శి గారి దివ్యసముఖానికి,
వేంసూరు నుంచి ఒక పాదచారి నమస్కరించి రాసుకున్న అర్జీ.

విషయం: భద్రాచలంలో సొంత కాళ్లు వాడుకొనుటకు అనుమతి మంజూరు చేయుట – గురించి.
సూచిక: 1. అరణ్యకాండ. 2. డాక్టరు గారి చీటీ ("రోజూ నడవాలి" అని కింద గీత గీసినది).

అయ్యా,

మీ శాఖ ఇంకా పుట్టలేదని నాకు తెలుసు. పుట్టిన శాఖలన్నిటికీ రాసి, చివరికి పెన్ను పారేసినవాళ్లను కూడా ఎరుగుదును. పుట్టని శాఖకు రాస్తే కనీసం "మీ అర్జీ పరిశీలనలో ఉంది" అన్న జవాబు రాదు గదా అని ధైర్యం చేస్తున్నాను.

మాది వేంసూరు. ఒకప్పుడు నియోజకవర్గంగా వెలిగి, జలగం వెంగళరావు గారిని శాసనసభకు పంపి, ఆయన ముఖ్యమంత్రి కావడం కళ్లారా చూసిన ఊరు. తర్వాత నియోజకవర్గం సత్తుపల్లికి పోయి మాకు మండలం మిగిలింది. నడవడానికి మాత్రం మాకు ఏ శాఖా అక్కర్లేదు. తెల్లారగట్ల చెరువు కట్ట ఎక్కామా, తోటల మధ్య డొంకలో పడి ఇంటికి వచ్చామా, అంతే. కుక్కలు కూడా తెలిసినవే. ఎదురొచ్చినవాళ్లు "ఏం బాబాయ్, షుగరా?" అని పలకరించి పోతారు. చిక్కంతా భద్రాచలం వెళ్లినప్పుడే.

ఆ ఊరి కథ మొదలైందే నడకతో. అక్కడున్న దేవుడు అయోధ్య నుంచి నడిచొచ్చినవాడు. ఆయనకు గుడి కట్టించినవాడు మా జిల్లా నేలకొండపల్లి కంచర్ల గోపన్న, పదిహేడో శతాబ్దంలో పాల్వంచ తహశీల్దారు. ఖజానాకు చేరాల్సిన సొమ్ము గుడికి చేరిందని తానీషా ఆయన్ను గోల్కొండ ఖైదులో పెట్టించాడు. (మంజూరు కాకముందే పని చేయించిన అధికారికి ఏ గతి పడుతుందో ఆ తర్వాత వచ్చిన అధికారులందరికీ బాగా గుర్తుండిపోయినట్టుంది. అందుకే మంజూరైన పని కూడా ఎవరూ చేయించరు.) ఇప్పటికీ నవమికి కాలినడకన వచ్చే భక్తులున్నారు. కోరుకొండ నుంచి గోటితో ఒలిచిన తలంబ్రాలు వస్తాయి. అంత దూరం అడవులు దాటి క్షేమంగా వచ్చిన భక్తుడు, ఊళ్లోకి వచ్చాక ఆఖరి కిలోమీటరుకు ప్రాణాలు అరచేత పట్టుకుంటాడు.

ఈ మధ్య మా పెద్దమ్మను తీసుకెళ్లాను. బ్రిడ్జి సెంటర్లో బస్సు దిగాం. ఆమెకు డెబ్బై దాటాయి, మోకాళ్లు కాస్త మొరాయిస్తాయి గానీ నడకంటే ఇష్టం. "గుడి దగ్గరేగా, ఆటో ఎందుకురా" అంది. సరేనని బయల్దేరాం. కాలిబాట అని నేననుకున్నది పది అడుగులు పోగానే టీ బండి కుర్చీల్లో కలిసిపోయింది. అక్కణ్ణుంచి మురుగు కాలవ మీది పలకలు. వాటిలో ఒకటి కాలు పెడితే అటు లేచి ఇటు వాలుతుంది. ఆ తర్వాత ట్రాన్స్‌ఫార్మర్. దాన్ని చుట్టి రావాలంటే రోడ్డు మీదికి దిగాలి, దిగితే వెనక నుంచి లారీ హారన్. ఒక ఆటో అబ్బాయి పక్కనే మెల్లగా నడుపుతూ, "ఎక్కండమ్మా, నడవలేరు" అన్నాడు. "నడవలేక కాదు నాయనా, నడవనిస్తేగా" అంది మా పెద్దమ్మ, ఎక్కి కూర్చుంటూ.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అనే సంస్థ ఒకటుంది. వాళ్ల 103వ నంబరు మార్గదర్శకాల ప్రకారం కాలిబాట మీద అడ్డూ ఆపూ లేకుండా 1.8 మీటర్ల వెడల్పు, నెత్తికేదీ తగలకుండా 2.2 మీటర్ల ఎత్తు ఖాళీగా ఉండాలి. బాట అంచు 15 సెంటీమీటర్ల ఎత్తు మించకూడదు. 1.8 మీటర్లంటే మా పెద్దమ్మ, ఆమె సంచీ, ఆమె చెయ్యి పట్టుకున్న నేను, ఎదురుగా వచ్చే ఇంకో పెద్దమ్మ. రాసినవాళ్లెవరో పెద్దమ్మలున్న ఇంటివాళ్లే. సుప్రీంకోర్టు కూడా 2025 మేలో కాలిబాట మీద నడవడం జీవించే హక్కులో భాగమని తేల్చిచెప్పింది. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లోనే 2022 ఒక్క ఏడాదిలో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో పోయిన పాదచారులు 32,825 మంది. కాబట్టి హక్కు సంగతి తేలింది. ఇక రావాల్సింది బాట.

ఇక్కడొక మనవి. ఈ అర్జీ చూపించి గాజులవాళ్లనూ, కొబ్బరికాయలవాళ్లనూ, బొమ్మల బండివాళ్లనూ లేపేయకండి. నడిచేవాడికి దాహం వేస్తే నీళ్లు, చీకటి పడితే దీపం, దారి తప్పితే సమాధానం వాళ్ల దగ్గరే దొరుకుతాయి. వాళ్లకూ మాకూ కలిపి చోటివ్వాలంటే కార్లను కాస్త అవతలికి జరపాలి. ఆ మాట అనడానికే మీ శాఖ కావాలి.

ఇక అసలు సంగతి. భద్రాచలంలో కొత్తగా మీరేమీ కట్టనక్కర్లేదు. నడక దారి సిద్ధంగా ఉంది, దాని పేరు కరకట్ట. 1986 ఆగస్టులో గోదావరి 75.6 అడుగులకు పొంగి ఊరిని ముంచాక, మళ్లీ అలా కాకూడదని వేసిన కట్ట అది. 2022 జులైలో నది 71 అడుగులు దాటినప్పుడు ఊరి ప్రాణం నిలిచింది దాని మీదే. ఊళ్లో ఇంత సమతలంగా, ఇంత గాలి తగిలే చోటు మరొకటి లేదు. ఒక పక్క గోదావరి, ఇంకో పక్క ఇళ్ల డాబాలు, ఆరేసిన చీరలు, వెనక్కి తిరిగితే గుడి గోపురం. మోకాళ్లవాళ్లకు, షుగరువాళ్లకు, చంకలో పిల్లవాణ్ణి వేసుకున్నవాళ్లకు దేవుడిచ్చిన దారి. దేవుడిచ్చాడు గానీ ఎక్కే వాలు సరిగ్గా లేదు, కూర్చోవడానికి బల్ల లేదు, నీడ లేదు. అడుగు తీసి అడుగు వేసే చోటల్లా సర్కారు తుమ్మ. పేరులోనే సర్కారుంది కనుక కొట్టేయడానికి భయపడుతున్నారేమో.

వానాకాలంలో ఆ ఊరివాళ్ల పలకరింపు వేరు. "బాగున్నారా" అనరు, "ఎంతుంది?" అంటారు. గోదావరి నలభై మూడు అడుగులంటే మొదటి హెచ్చరిక, నలభై ఎనిమిది రెండోది, యాభై మూడు మూడోది. నది పెరిగితే కట్టకున్న స్లూయిజులు మూసేస్తారు. అప్పుడు లోపల పడ్డ వాన బయటికి పోయే దారి లేక విస్తా కాంప్లెక్సు అనే చోట చేరుతుంది, మోటార్లు పెట్టి తోడి నదిలో పోయాలి. చిన్నపిల్లలకు కూడా తెలిసిన ఈ విద్యను కట్ట మీదే చూపించవచ్చు. అక్కడొక స్తంభం పాతి ఆ మూడు గీతలూ, వాటిపైన 1986, 2022 గీతలూ గీయించండి. నడవడానికి వచ్చిన యాత్రికుడు తల ఎత్తి ఆ పై గీత చూసి, అప్పుడు గోదావరికి ఇంకోసారి దణ్ణం పెడతాడు. ఖర్చు ఒక డబ్బా రంగు.

అయితే ఆ కట్ట మీద పొద్దున్నే నడకకు బయల్దేరడంలో ఒక ఇబ్బంది ఉంది. నది వెంట అలా పోతూ ఉంటే, చెమట పట్టీ పట్టకముందే, రెండు మూడు కిలోమీటర్లలో ఎటపాక. జటాయువు రావణుణ్ణి అడ్డగించిన చోటని చెప్పుకుంటారు. ఇప్పుడు అక్కడ అడ్డొచ్చేది రాష్ట్ర సరిహద్దు. 2014లో పోలవరం పేరు మీద చుట్టూ ఉన్న ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి, భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు తిరిగి కావాలని అప్పటినుంచీ అడుగుతూనే ఉన్నారు. దేవుడు తెలంగాణలో, ఆయన మాన్యం పురుషోత్తపట్నంలో. ఊరికి చెత్త పోసుకునే స్థలం కూడా కరువైంది. ఇక ఉదయపు నడక ఎంత? డాక్టరు గారు చెప్పినంత నడిస్తే పోయేటప్పుడు ఒక ముఖ్యమంత్రి, వచ్చేటప్పుడు ఇంకో ముఖ్యమంత్రి. కాబట్టి షుగరు రోగుల నిమిత్తం ఒక అంతర్రాష్ట్ర ఒప్పందం కుదర్చవలసిందిగా ప్రార్థన. కృష్ణా జలాల పంపకం తేలాకే ఇది చూస్తామంటే మాత్రం మా పెద్దమ్మ అంతకాలం ఆగలేదు.

సరిహద్దు ఒక్కటే కాదండీ. కట్ట నీటిపారుదల శాఖది, గుడి మెట్లు దేవాదాయ శాఖవి, వీధి పంచాయతీది, వంతెన మీదుగా పోయేది 30వ నంబరు జాతీయ రహదారి కనుక అది ఢిల్లీది. ఘాట్ నుంచి గుడికి, గుడి నుంచి రంగనాయకుల గుట్టకి, మిథిలా స్టేడియం చుట్టి మళ్లీ నది ఒడ్డుకి నింపాదిగా నడిస్తే గంట పట్టదు, ఇన్ని సంస్థానాలు దాటాలి. ఒక సంస్థానం వాళ్లు వేసిన బాట రెండో సంస్థానం కాలవ దగ్గర ఆగిపోతుంది. కాశీలో చూడండి, అస్సీ ఘాట్ దగ్గర మొదలుపెట్టి గంగను కుడిచేతి పక్కన ఉంచుకుని మెట్ల వెంట మణికర్ణిక దాకా పోవచ్చు, ఒక్క మోటారు అడ్డురాదు. పారిస్ వాళ్లయితే 2016లో సెన్ నది కుడి ఒడ్డున కార్ల రోడ్డునే మూసేసి మనుషులకు వదిలారు. మేం రోడ్డు మూయమనడం లేదు. ఉన్న కట్టను తెరవమంటున్నాం.

వంతెన గురించి ఒక్క మాట. 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ప్రారంభించిన వంతెన అది. అంతకుముందు భద్రాద్రి రాముణ్ణి చూడాలంటే పడవ ఎక్కాల్సిందే. ఇప్పుడు పక్కనే రెండో వంతెన కూడా వచ్చింది. పాత వంతెన మీద ఒక వరస నడిచేవాళ్లకు విడిచిపెడితే ఏం పోతుంది? సాయంత్రం పూట సారపాక వైపు నుంచి నడిచొస్తుంటే గుట్ట, గోపురం, ఘాట్ మెట్లు అన్నీ ఒక్క చూపులో కనబడతాయి. ఇప్పుడు ఆ చూపు బస్సు కిటికీలోంచి, అదీ కిటికీ పక్క సీటు దొరికినవాడికే.

సాధ్యం కాదని మాత్రం అనకండి. నవమినాడు సాధ్యమవుతుంది. ముక్కోటికి తెప్పోత్సవం రోజున సాధ్యమవుతుంది. ఆ రోజుల్లో బండ్లన్నీ ఊరి బయటే ఆపేస్తారు, తాళ్లు కడతారు, చలువ పందిళ్లు వేస్తారు, మంచినీళ్లు పెడతారు, కలెక్టరు దగ్గర్నుంచి కానిస్టేబులు దాకా అందరూ నడుస్తారు. పందిరి విప్పిన మర్నాడే ఊరు మళ్లీ లారీల చేతికి పోతుంది. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఘాట్లకూ, పార్కింగుకూ, రోడ్ల వెడల్పుకూ కోట్లలో అంచనాలు తయారవుతాయి. ఆ కాగితాల్లో ఎక్కడో ఒక చోట, పార్కింగు అనే పద్దు కింద, "నడచువారికి" అని ఒక వరస రాయించండి. కట్ట ఎక్కడానికి నాలుగు వాలుదారులు, దారి పొడవునా వేప, కానుగ మొక్కలు, ఫర్లాంగుకో బల్ల, ఆడవాళ్లకు మరుగుదొడ్లు, కాలవ మీద కదలని పలకలు. పుష్కరాల పన్నెండు రోజులకని వేయించి, పదమూడో రోజు పీకించకుండా ఉంటే చాలు.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
వేంసూరు పాదచారి

తా.క. మీ శాఖ మంజూరయ్యాక ఆఫీసు ఎక్కడ పెట్టాలో ఆలోచిస్తారు గదా. బస్టాండు నుంచి నడిచి రాగలిగే చోట పెట్టండి. అలాంటి చోటు దొరక్కపోతే, ముందు ఆ ఫైలు తెరవండి.